అక్క వేసిన తాళం

మా ఆఫీసులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ ఆమే. తెలుగువాళ్లం అంటే మా ముత్తాతలు చెరకు పనికి ఓడల్లో ఫిజీకి వచ్చినవాళ్లు అని. రోజూ మాట్లాడుకునేది మాత్రం అందరిలాగే ఫిజీ హిందీ. నాకు తెలుగు చదవడం, రాయడం తాత నేర్పాడు. ఆమెకు తెలుగు చదవడం రాదు. లంబాసా దగ్గర వునిమోలిలో అవ్వ చేతుల్లో పెరిగింది కాబట్టి మాటలు వచ్చు. నలుగురి మధ్యలో నాకు మాత్రమే ఏదైనా చెప్పాలనుకుంటే చటుక్కున తెలుగులోకి దిగేది. "తమ్ముడూ, బాస్‌కి గుస్సా ఉంది. ఇప్పుడు లోపలికి పోకు." నేను ఆమెను అక్కా అనేవాణ్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్దది.

మాది సువాలో ఒక శిక్షణ సంస్థ. లౌటోకాలో, లంబాసాలో చిన్న శాఖలుండేవి. ఏ గదిలో ఏ క్లాసు, ఏ పంతులు ఎప్పుడు ఖాళీ, బాస్‌ను ఎవరు ఎప్పుడు కలవాలి అన్నదంతా అక్క చేతిలోని ఒక లావుపాటి పుస్తకంలో ఉండేది. లౌటోకావాళ్లు ఫోన్ చేస్తే ఆమె పుస్తకం తిప్పి చెప్పేది. ఆమె సెలవు పెట్టిన రోజు మూడు ఊళ్లలో పని తడబడేది. అందుకని బాస్ నన్ను పిలిచి, అందరి క్యాలెండర్లూ అందరూ చూసుకునేలా మన సర్వర్ మీదే ఒకటి కట్టగలవా అని అడిగాడు. కట్టగలనన్నాను. అప్పటికి నాకు రెండేళ్ల అనుభవం. ప్రభుత్వాలను కూల్చిన తిరుగుబాట్ల తర్వాత కంప్యూటర్ పని బాగా వచ్చినవాళ్లు చాలామంది ఆక్లండుకో సిడ్నీకో వెళ్లిపోయారు. నాలాంటివాడికి అంత పని దక్కిందంటే కారణం అదే. నేను మాత్రం నా తెలివే కారణమనుకున్నాను.

ఆ డేటాబేస్‌ను ఎంత మురిపెంగా గీసుకున్నానో చెప్పుకోవడానికి ఇప్పుడు మొహం చెల్లడం లేదు. బోర్డు మీద నాలుగు పట్టికలు గీశాను. మొదటిదానిలో మనుషులు. రెండోదానిలో పనులు: ఏ పని, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరిది. మూడోదానిలో ఎవరి క్యాలెండర్ ఎవరు చూడవచ్చో. ప్రతివారం వచ్చే పనిని యాభై రెండుసార్లు రాయనక్కర్లేకుండా ఒకే వరుసలో రాసి, పక్కన "ప్రతి గురువారం" లాంటి నియమం పెట్టాను. ఏదో ఒక వారం మాత్రం ఆ పని వేరే రోజుకు జరిగితే? ఆ జరిగిన రోజును దాచడానికి నాలుగో పట్టిక. ఆ ఏర్పాటు తట్టిన రోజు, నసీను వెళ్లే బస్సులో నిలబడి కూడా నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాను.

సొంత పనులకు తాళం ఉండేది. తెర మీద చిన్న తాళం బొమ్మ నొక్కితే ఆ పని పేరు మిగతావాళ్లకు కనిపించదు, "ఖాళీ లేదు" అని మాత్రమే కనిపిస్తుంది. ఆ తాళం పడిందా లేదా అన్నది గుర్తుపెట్టుకోవడానికి రెండో పట్టికలో ఒక గడి పెట్టాను. నాలుగో పట్టికలో పెట్టలేదు. కావాలని మానలేదు. నాకు తట్టలేదు, అంతే.

తట్టలేదని కూడా అనలేను. ఆమె అడిగింది.

అందరికీ ఇవ్వడానికి రెండు వారాల ముందు అక్కను నా పక్కన కూర్చోబెట్టి అన్నీ నొక్కి చూడమన్నాను. ఆమె ఓపికగా ఒక్కొక్కటే చూసింది. చివరికి కళ్లద్దాలు తీసి అడిగింది.

"తమ్ముడూ, హర్ హఫ్తా వచ్చే పనికి తాళం వేసినా అనుకో. ఒక హఫ్తా దాన్ని వేరే దినం పెట్టినా. అప్పుడూ తాళం ఉంటదా?"

"ఉంటుంది అక్కా."

"చూసి చెప్పు."

"చూడ్డం ఎందుకు? కట్టింది నేనే కదా!"

ఆమె నవ్వి, సరేనంది. ఆ పరీక్ష చేయడానికి ఒక నిమిషం పట్టేది.

క్యాలెండర్ నడవడం మొదలైంది. లౌటోకావాళ్లు మెచ్చుకున్నారు. అక్క పాత పుస్తకాన్ని బీరువాలో పెట్టేసింది. ఆమె క్యాలెండర్‌లో ప్రతి గురువారం రెండు నుంచి నాలుగు దాకా "ఖాళీ లేదు" అని ఉండేది. ఆ రెండు గంటలకు బదులుగా మిగతా రోజుల్లో భోజనం వేళ కూడా పని చేసేది. బాస్ అనుమతి ఉంది. ఎక్కడికి వెళ్తుందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మూడు నెలలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం పెద్ద మీటింగు పడింది. అక్క తన పనిని మర్నాటికి, శుక్రవారానికి జరుపుకుంది. శుక్రవారం పొద్దున్న ముందు బల్ల దగ్గర కూర్చునే ఆమె బాస్‌కూ అక్కకూ ఇద్దరికీ కుదిరే సమయం వెతుకుతూ అక్క క్యాలెండర్ తెరిచింది. ఆ ముందు బల్ల ఆమె ఫిజీయన్, ఈ దీవుల మూలవాసి, పెద్ద మనసు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు కానుకగా ఇచ్చే చాప చంకన పెట్టుకుని వెళ్లేది ఆమే. అక్కడ ఇంగ్లీషులో ఆమెకు కనిపించింది ఇది: "అన్న. మెంటల్ హాస్పిటల్. కొత్త చొక్కాలు తీసుకెళ్లాలి."

పది గంటలకు టీ గదిలో ఎనిమిది తొమ్మిది మందిమి ఉన్నాం. ఆమె సరాసరి అక్క దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఇసా! మీ అన్న అక్కడ ఉన్నాడా? ఇన్నాళ్లూ చెప్పనే లేదే! మా చిన్నమ్మ కొడుకూ అక్కడే ఉన్నాడు. నేను ఆదివారాలు వెళ్తా. మనిద్దరం కలిసి వెళ్దాం."

అయ్యో పాపం అన్నట్టుగా, ఫిజీయన్లు అనే ఆ "ఇసా"లో కల్మషం రవ్వంత కూడా లేదు. కానీ గది మొత్తం విన్నది. ఎవరో మెల్లగా "పాగల్‌ఖానాయా?" అన్నారు. ఇంకొకరు చెంచాతో టీ కలుపుతూనే ఉన్నారు, ఎంతకీ ఆపలేదు. అక్క కప్పు బల్ల మీద పెట్టి, "హాఁ, వెళ్దాం" అని, నా వైపు చూసి బయటికి నడిచింది.

కాసేపటికి నా గదికి వచ్చింది. తలుపు వేసింది.

"నేను తాళం వేసినా తమ్ముడూ. పక్కా వేసినా. ఎట్లా కనిపించింది?"

చూస్తానని డేటాబేస్ తెరిచాను. రెండో పట్టికలో ఆమె గురువారాల వరుస ఉంది. తాళం గడిలో "అవును" అని ఉంది. మొదటి రోజే వేసింది. నాలుగో పట్టికలో ఆ ఒక్క శుక్రవారం ఉంది. దాని పక్కన తాళం గడే లేదు. పది క్షణాల్లో నాకంతా అర్థమైంది. ఆ వరుస ఆమె కళ్ల ముందే ఉంది. డేటాబేస్ చదివి అర్థం చేసుకోవడం మాత్రం ఆమెకు రాదు.

"నేనే మర్చిపోయినానా?" అని అడిగింది.

నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. "అయి ఉంటుంది అక్కా," అన్నాను. "రోజు మార్చినప్పుడు మళ్లీ తాళం నొక్కాలి. నువ్వు నొక్కలేదేమో."

"నువ్వు ఉంటదన్నావు కదా?"

"నొక్కితే ఉంటుందన్నాను."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆమె తలుపు మీద చెయ్యి వేసి అంది, "మాఫ్ కరో తమ్ముడూ. నీ పని మీద తప్పు పెట్టినా." నన్ను క్షమించమని అడిగి వెళ్లింది.

మధ్యాహ్నం బాస్ పిలిచాడు. వచ్చే వారం లౌటోకాలో సంస్థ పెద్దవాళ్లకు ఈ క్యాలెండర్ చూపించాలి. "అంతా బాగానే ఉందా? పొద్దున్న ఏదో జరిగిందట?" అన్నాడు. వాడేవాళ్ల పొరపాటు అన్నాను. రెండోసారి చెప్పేసరికి ఆ అబద్ధం ఇంకా తేలికైంది. అయితే అందరికీ జాగ్రత్తలు రాసి పెట్టించు అన్నాడు. ఆఫీసులో అలాంటి కాగితాలు టైపు చేసేది అక్కే. ఆమే టైపు చేసింది. "పని రోజు మార్చినప్పుడు తాళం మళ్లీ వేయడం మరవకండి" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కొట్టి, టీ గది గోడకు తన చేత్తోనే అంటించింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఒక మూల సరిగా అంటుకోకపోతే బొటనవేలితో నొక్కింది.

శనివారం పొద్దున్న ఆఫీసుకు వెళ్లి నాలుగో పట్టికలో తాళం గడి చేర్చాను. ఇరవై నిమిషాల పని. సోమవారం నుంచి మళ్లీ తాళం వేయనక్కర్లేదు, గోడ మీది కాగితం మాత్రం వేయమంటూనే ఉంది. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు. తీయలేదు.

అక్క ఆ తర్వాత గురువారాలు వెళ్లడం మానేసింది. క్యాలెండర్‌లోని ఆ వరుస చెరిపేసింది. బాస్ వెళ్లమన్నా, శనివారం వెళ్తాలే అనేది. వాలేలేవు నుంచి ఆమె, నాలుగు స్టాపుల తర్వాత నేను ఒకే బస్సు ఎక్కేవాళ్లం. కిటికీ పక్క చోటు నాకోసం సంచీతో ఆపి ఉంచేది. నేను ముందు బస్సుకు వెళ్లడం మొదలుపెట్టాను. పని ఎక్కువగా ఉందని చెప్పాను. ఏడాది తిరిగేలోగా ఆమె ఉద్యోగం మానేసింది. వీడ్కోలు రోజు, వేరు దంచి చేసే యాగోనా పానీయం కలిపి అందరికీ కొబ్బరి చిప్పలతో ఇచ్చారు. నా వంతు వచ్చినప్పుడు ఆనవాయితీగా చప్పట్లు కొట్టి తాగాను. ఎదురుగా కూర్చున్న ఆమె నన్ను చూసి ఆప్యాయంగా నవ్వింది.

ఆరేడేళ్ల తర్వాత వాలేలేవు మార్కెట్లో కలిసింది. వెంట పెళ్లీడు కూతురుంది. అక్క చేతిలో చిన్న చీటీ. బెండకాయలు కొని చీటీ మీద గీత పెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, "పైసా ఇచ్చినా కదా?" అని బెండకాయల ఆమెను అడిగింది. ఇచ్చారమ్మా అంది ఆమె. అక్క తలూపింది, కానీ నమ్మినట్టు కనిపించలేదు. నన్ను చూసి మొహం విప్పారింది.

"అరే తమ్ముడూ! ఎంత దినం అయింది!"

కుశల ప్రశ్నలయ్యాయి. చీటీ ఎందుకక్కా అన్నాను నవ్వుతూ.

"నా తల మీద నాకు భరోసా లేదు," అంది. కూతురు వినకుండా గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. "నీకు యాదుందా, ఆ తాళం? వేసినా అని నా కళ్లకి కనిపిస్తా ఉంది తమ్ముడూ. చెయ్యి నొక్కింది యాదుంది. కానీ వెయ్యలేదు. అన్నకి కూడా మొదలు అట్లనే అయింది. చెయ్యనిది చేసినా అనేవాడు. నాకు కూడా అదే వస్తా ఉంది అనుకున్నా. డాక్టర్ దగ్గర పోయినా. ఏం లేదన్నాడు. వాళ్లు అట్లనే చెప్తారు కదా."

పొయ్యి ఆర్పి మూడుసార్లు చూస్తానంది. తలుపుకు తాళం వేసి గేటు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతానంది. ఉద్యోగం కూడా అందుకే మానేశానంది. పెద్దవాళ్ల కాగితాల్లో ఏదైనా తప్పు చేస్తే ఎట్లా అని భయం వేసిందట. "నువ్వు ఆ దినం మెల్లగా చెప్పినావు. గుస్సా కాలేదు. మంచి పిల్లోడివి."

అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను. నిజానికి ఏ బస్సూ రావడం లేదు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదని రాయవచ్చు, కానీ అది నిజం కాదు. తిన్నాను, పని చేశాను, జనంతో నవ్వుతూ మాట్లాడాను. మధ్యలో ఎప్పుడో ఆమె బెండకాయల దగ్గరికి వెనక్కి వెళ్లడం గుర్తొచ్చేది. చేతిలో పని ఆగిపోయేది.

మరుసటి శనివారం ఆమె ఇంటికి వెళ్లాను. రేకుల వరండాలో కూర్చుని పప్పు ఏరుతోంది. కూర్చో, చాయ్ పెడతానని లేవబోయింది. వద్దక్కా, ముందు ఒక మాట చెప్పాలన్నాను. నిలబడే చెప్పాను.

"ఆ రోజు నువ్వు తాళం వేశావక్కా. వేసినట్టు నాకు కనిపించింది. తప్పు నాది. నేను కట్టినదాంట్లోనే లోపం. నాకు తెలిసీ నీ మీదికి తోశాను."

ఆమెకు వెంటనే అందలేదు. పప్పు చేట ఒళ్లోనే ఉంది.

"నేను వేసినానా?"

"వేశావు."

"హిందీలో చెప్పు."

హిందీలో చెప్పాను. ఆమె లోపలికి కేకేసి కూతుర్ని పిలిచింది. "ఈమె ముందర చెప్పు," అంది. ఆ అమ్మాయి ముందు మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా చెప్పమంది. చెప్పాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు గురించి ఏం రాయాలో తెలియడం లేదు. తల్లి గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం చూస్తూ పెరిగిన పిల్ల.

అక్క ఏడవలేదు. తిట్టలేదు. చేట కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తప్పు అందరికీ అయితది. అది కాదు. నేను అడిగినా కదా, నేనే మర్చిపోయినానా అని. అప్పుడు నువ్వు నయ్, కాదు అనాల. ఒక్క మాట. కాహే చెప్పలేదు? ఎందుకు?"

"భయపడ్డాను."

"ఎవరికి?"

బాస్ అరిచేవాడు కూడా కాదు. ఉద్యోగం పోయేది కాదు. తెలివైనవాడినన్న పేరు కొంచెం మాసేది, అంతే. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

మళ్లీ ఆమే అంది. "అన్న ఇప్పటికీ అడుగుతాడు. బేస్తారం కాహే రావు అని. నేను చెప్పలేదు. నా బుర్ర కూడా పోతా ఉందని అన్నకి ఎట్లా చెప్పేది? నువ్వు వచ్చి చెప్పు."

బేస్తారం అంటే గురువారం, అవ్వ దగ్గర ఆమె నేర్చిన మాట. ఆ గురువారం సెలవు పెట్టి వెళ్లాను. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె ముందే ఉంది. చేతిలో ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో రొట్టెలు, గుమ్మడికాయ కూర. మామిడి చెట్టు కింద బెంచీ మీద ఆమె అన్న కూర్చున్నాడు. తెల్లటి గడ్డం, శుభ్రమైన చొక్కా. ఒకప్పుడు వునిమోలిలో చెరకు కోతకు నలభై మందిని నడిపించిన మనిషని ఆమె దారిలో చెప్పింది.

నేను చెప్పినదంతా ఆయన శ్రద్ధగా విన్నాడు. కంప్యూటర్, తాళం, పట్టిక అన్నవి ఎంతవరకు అందాయో తెలియదు. నేను ఆగిన తర్వాత చెల్లెలి వైపు తిరిగి హిందీలో అన్నాడు.

"గురువారం బస్సులు తీసేశారనుకున్నా. అందుకే అడగడం తగ్గించా. అడిగితే నువ్వు నడిచి వస్తావేమోనని."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన డబ్బా తెరిచి, రొట్టె తుంచి, ముందుగా నాకు ఇచ్చాడు. తీసుకున్నాను.

సోమవారం బాస్ గదికి వెళ్లి ఆయనకూ చెప్పాను. ఆయన తల గోక్కుని, ఎప్పటి మాటో, ఇప్పుడెందుకు అన్నాడు. ఆమెకు ఒక ఉత్తరం రాయమని అడిగాను, తప్పు ఆమెది కాదని, సంస్థ పేరుతో. రాశాడు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. కూతురు గేటు దగ్గర అందుకుంది, లోపలికి రమ్మనలేదు.

మా ఆఫీసుకు కొత్తగా చేరేవాళ్లకు పట్టికలు గీయడం నేర్పేది నేనే. మామూలు నియమానికి ఒక గడి పెడితే, దాన్ని దాటి మారిన రోజుకూ అదే గడి పెట్టాలని చెప్తాను. ఒకసారి మరిచిపోయి ఇబ్బంది పడ్డానని కూడా చెప్తాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. "అయి ఉంటుంది అక్కా" అన్న మాట మాత్రం ఇంతవరకూ వాళ్లలో ఎవరికీ చెప్పలేదు.

అక్క మళ్లీ గురువారాలు వెళ్తోందని ముందు బల్ల ఆమె ద్వారా తెలిసింది. ఆమె తన ఆదివారాలను గురువారాలకు మార్చుకుని అక్కతో కలిసి వెళ్తోందట. రామనవమికి మా తెలుగువాళ్ల సంఘం హాల్లో అక్క వంటవాళ్లలో ఉంది. పంక్తిలో నా దగ్గరికి వచ్చినప్పుడు అందరికీ వేసినంతే అన్నం వేసింది. పప్పు వేసింది. తమ్ముడూ అనలేదు. నేను తల దించుకుని తినడం మొదలుపెట్టాను, ఆమె పక్క విస్తరి దగ్గరికి వెళ్లింది.